బల్బు మార్చే ముందు మీటరు పెట్టే షాపు: నెల్లూరు ఆటోనగర్‌లో మా పాత కారు హెడ్‌లైట్ల పని

పాత కారుకు హెడ్‌లైట్లు మందగిస్తే నెల్లూరులో ఎవరి దగ్గరికి వెళ్లాలని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆటోనగర్ లోపలి వీధిలో, సెల్ఫ్ మోటార్లూ డైనమోలూ బాగుచేసే ఒక చిన్న షాపులో నేను చేయించుకున్న పని గురించి వారికి చెప్పిన సంగతులనే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఇప్పటికే వచ్చే బండ్లకు సమాధానం చెప్పలేకపోతున్నానని, షాపు పేరు మాత్రం ఎక్కడా రాయవద్దని ఆ పెద్ద మేస్త్రి కోరినందువల్ల పేరు ఇవ్వడం లేదు. ఆటోనగర్‌లో లైట్ల పని చేసే పెద్దాయన అని అడిగితే టీకొట్టువాళ్లే దారి చూపిస్తారు. పని చాలా బాగుంది, కానీ ఓపిక లేనివారు అక్కడికి వెళ్లకపోవడమే మంచిది.

మా కారు 2003 నాటి పెట్రోలు బండి, ఏపీ 26 నంబరుది. 2018లో ఒకసారి, 2023లో మరోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుని ఇప్పటికీ రోజూ ఇందుకూరుపేట వైపు నుంచి నెల్లూరుకూ, నెల్లూరు నుంచి ఇంటికీ తిరుగుతూనే ఉంది. దాని కంపెనీ పేరు కూడా చెప్పను, ఎందుకంటే ఇందులో తప్పు కంపెనీది కాదు. కొంత బండి వయసుది, కొంత మైపాడు తీరం నుంచి వీచే ఉప్పుగాలిది, మిగిలింది ఏడాదిగా లైట్లు తగ్గుతున్నా పట్టించుకోని నాది.

మా వైపు మార్చి నెలలో వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. రాత్రికి వాటిని కుప్ప చేసి, పట్ట కప్పి, ఆ పట్ట గాలికి లేవకుండా, బండ్లు కుప్ప మీదికి ఎక్కకుండా చుట్టూ తలకాయంత రాళ్లు వరుసగా పెడతారు. అదే రోడ్డులో పదేళ్లుగా తిరుగుతున్న నాకు ఆ రాళ్లు ఎక్కడుంటాయో తెలియకపోవడమేమీ లేదు. అయినా ఒక రాత్రి ఎదురుగా వచ్చిన రొయ్యల వ్యానుకు దారి ఇవ్వడానికి డిప్పర్ కొట్టి ఎడమకు తిప్పేసరికి, రాయి బానెట్ కిందికి వచ్చాక గాని నాకు కనిపించలేదు. టైరుకు ఏమీ కాలేదు గాని రిమ్ము అంచు వంగింది. దిగి చూస్తే కుడి లైటు పసుపుగా, ఎడమ లైటు అంతకంటే మందంగా, ఆరిపోబోయే లాంతరులా వెలుగుతున్నాయి. ఎడమ ఇండికేటరు వేసే ఉండటంతో, అది మిణికిన ప్రతిసారీ పక్కనున్న హెడ్‌లైటు కూడా దానితో కలిసి కొద్దిగా తగ్గి పెరుగుతూ ఉంది. అసలు జబ్బు ఏమిటో ఆ మిణుకే చెబుతున్నదని ఆ రాత్రి నాకు తెలియదు.

నేను మొదట వెళ్లింది ఈ మేస్త్రి దగ్గరికి కాదు. టౌనులో అద్దాల తలుపులతో మెరిసిపోయే ఒక కారు సామాన్ల షాపుకు వెళ్లాను. అక్కడి కుర్రవాడు బల్బు వెనకనున్న కనెక్టరు ఊడదీసి, అందులో మీటరు ముల్లులు పెట్టి, పద్నాలుగు వోల్టులు చూపించి, కరెంటు ఫుల్లుగా ఉంది సార్, బల్బులే పాతవి అని తేల్చేశాడు. మీటరు అబద్ధం చెప్పదన్న నమ్మకంతో 2,800 రూపాయలు పెట్టి ఎల్‌ఈడీ బల్బుల జత వేయించుకున్నాను. షాపు ముందు గోడ మీద అవి పట్టపగలులా కనిపించాయి. రోడ్డెక్కాక మాత్రం కొబ్బరిచెట్ల మట్టలు తెల్లగా మెరుస్తున్నాయి గాని, టైరు ముందున్న గుంత కనిపించడం లేదు. ఎదురొచ్చే ప్రతివాడూ నాకు లైటు కొట్టి తిట్టుకుంటూ పోతున్నాడు. ఎడమ లైటైతే ఒక్కోసారి ఆరి మళ్లీ వెలుగుతోంది.

ఇందులో ఆశ్చర్యం లేదని తరువాత తెలిసింది. మా బండికి ఉండేది హెచ్4 రకం హాలోజన్ బల్బు. అందులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, దగ్గరకు, కిందికి పడే డిప్పుకు 55 వాట్లది, దూరం కొట్టే బ్రైటుకు 60 వాట్లది. డిప్పు ఫిలమెంటు కింద ఒక చిన్న లోహపు దొన్నె ఉండి, వెలుగు పైకి చిమ్మకుండా ఆపుతుంది. వెనకనున్న రిఫ్లెక్టరు వంపంతా ఆ ఫిలమెంటు సరిగ్గా ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి చేసినది. ఎల్‌ఈడీ బల్బులో వెలుగు పుట్టే చోటు రెండు పక్కల అతికించిన చిప్పుల మీద ఉంటుంది కాబట్టి, ఆ లెక్క తప్పి వెలుగు చెల్లాచెదరవుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి తయారీ వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయకూడదంటుంది, పోలీసులు ఆపితే ఆ తలనొప్పి వేరు. తిరిగి వెళ్లి అడిగితే, అయితే 100/90 వాట్ల హాలోజన్ వేసుకోండి అన్నారు. అప్పటికే మా హోల్డరు ప్లాస్టిక్ వేడికి గోధుమరంగు తిరిగి ఉండటం చూసి, ఇంకా ఎక్కువ కరెంటు లాగే బల్బు వేస్తే ఏమవుతుందో ఊహించగలిగాను గనుక వద్దని బయటికి వచ్చేశాను.

ఆటోనగర్ మేస్త్రి దగ్గరికి ఒక ట్రాక్టరు యజమాని పంపగా వెళ్లాను. షాపంటే రేకుల పందిరి, ఒక బల్ల, గోడకు వేలాడే పాత ఆర్మేచర్లు, అంతే. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. లైట్లు సరిగా రావడం లేదని చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, ఇంజను స్టార్టు చేయించి, హెడ్‌లైట్లు వేయించి, తాను బండి ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. డిప్పు, బ్రైటు, ఎడమ ఇండికేటరు, కుడి ఇండికేటరు, ఆపైన యాక్సిలరేటరు కొద్దిగా తొక్కమనడం, ఈ వరుసలో అయిదు నిమిషాలు చూశారు. తొక్కినప్పుడు లైట్లు పెద్దగా పెరగలేదు గనుక చార్జింగు ఇచ్చే ఆల్టర్నేటరు మీదా, దాని బెల్టు మీదా ఆయనకు అనుమానం లేదు. ఐడిలింగులో మందంగా ఉండి, రేజ్ చేస్తే లైట్లు రెండూ ఒక్కసారిగా తెల్లబడితే చార్జింగు వైపు చూడాలని తరువాత వివరించారు. అప్పుడు ఎల్‌ఈడీలు తీసేసి, నేను డిక్కీలో పడేసి ఉంచిన పాత హాలోజన్ బల్బులనే మళ్లీ పెట్టించారు.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. ఆయన కనెక్టరు ఊడదీయలేదు. బల్బు వెలుగుతూ ఉండగానే, కనెక్టరు వెనక వైపు నుంచి సన్నని ముల్లులు లోపలికి గుచ్చి కొలిచారు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. కుడి బల్బు కాళ్ల దగ్గర 12.1. ఎడమ బల్బు దగ్గర 11.2. మీటరును నా వైపు తిప్పి, కనెక్టరు ఊడదీసి మళ్లీ కొలిచారు. రెండు పక్కలా పద్నాలుగు చూపించింది, టౌనులో కుర్రవాడు చూపించిన అంకె అదే.

“బల్బు ఊడదీసి చూస్తే ఏ వైరైనా మంచిదే సార్. పని చేసేటప్పుడు చూడాల,” అన్నారాయన.

దీని అర్థం మా ఊరి రైతులకు వేరే చెప్పనక్కరలేదు. చివర కుళాయి బిగించి ఉన్నంతసేపు, మధ్యలో చెత్త అడ్డుపడిన గొట్టంలో కూడా ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది. కుళాయి తిప్పాక గాని ధార సన్నగా వస్తోందని తెలియదు. బల్బు తగిలించనప్పుడు వైరులో కరెంటు పారదు, పారని కరెంటుకు తుప్పు అడ్డం కాదు. రెండు డిప్పు బల్బులూ వెలిగితే మాత్రం తొమ్మిది ఆంపియర్ల దాకా పారాలి. ఆ పారే దారిలో ఎక్కడ చిలుము పట్టినా, ఎక్కడ వైరు సన్నబడినా అక్కడ కొంత వోల్టేజీ వేడిగా పోతుంది. హాలోజన్ బల్బు స్వభావం ఏమిటంటే, వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు కాదు, దాదాపు మూడో వంతు తగ్గుతుంది. మా బండి లైట్లు బాగయ్యాక 13.7 వోల్టులు అందాయి. ఆ లెక్కన 11.2తో వెలుగుతున్న ఎడమ బల్బు తాను ఇవ్వగలిగిన వెలుగులో సగమే ఇస్తున్నదన్న మాట. దానికి కొత్త బల్బు వేసినా అదే సగం వచ్చేది.

పోయిన వోల్టులు ఎక్కడ పోయాయో వెతకడం కూడా ఆయన వరుసగా చేశారు. మీటరు ఒక ముల్లు బ్యాటరీ ప్లస్సు మీద, రెండోది బల్బు ప్లస్సు కాలు మీద పెడితే 1.7. బ్యాటరీ మైనస్సుకూ ఎడమ బల్బు ఎర్తు కాలుకూ (కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారే ఎర్తు) మధ్య 1.2. అదే కుడి పక్కన 0.3. ఎర్తు వైపు 0.2 కంటే మించకూడదని ఆయన లెక్క. ప్లస్సు నష్టం రెండు లైట్లకూ ఒకటే కాబట్టి అది రెంటికీ కరెంటు వచ్చే ఉమ్మడి దారిలో ఉంది, ఎడమ పక్క అదనపు నష్టం మాత్రం ఎర్తులో ఉంది. ఇండికేటరుతో పాటు హెడ్‌లైటు మిణకడానికి కారణం కూడా ఇదే. రెంటికీ ఒకే ఎర్తు బోల్టు, ఆ బోల్టు సరిగా పట్టడం లేదు కాబట్టి ఒకదాని కరెంటు రెండోదానికి అడ్డు తగులుతోంది.

ఆ బోల్టు ఎడమ హెడ్‌లైటు వెనక, బ్యాటరీ ట్రే పక్కన ఉంది. పైకి బిగుతుగానే కనిపించింది. విప్పితే కింద బాడీ రేకు ఎర్రటి తుప్పుతో పొడిపొడిగా ఉంది. నల్ల వైరు చివర బోల్టుకు తగిలించే లోహపు లగ్గు పచ్చటి చిలుముతో నిండిపోయింది. వైరు పైతొడుగు ఒక అంగుళం చీల్చితే లోపలి రాగి పోగులు ఎరుపుగా కాక నల్లగా ఉన్నాయి, గోరుతో గీకితే రాలాయి. మెరిసే రాగి కనిపించేదాకా, అంటే రెండంగుళాల పైనే, వైరు కోసేసి కొత్త లగ్గు వేసి గట్టిగా నొక్కారు. బోల్టు కూర్చునే చోట రేకును నీళ్లకాగితంతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, తెల్లగా మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, ఆపైన గ్రీజు పూశారు. గ్రీజు ముందు పూస్తే లోహం లోహాన్ని తాకదని, బిగించిన తరువాతే పైన పూయాలని కుర్రవాడికి చెబుతుంటే నేనూ నేర్చుకున్నాను. దీంతోనే ఎడమ బల్బు 11.2 నుంచి 12.2కు వచ్చింది, ఖర్చు ఇంకా ఏమీ కాలేదు.

మిగిలిన 1.7 కోసం స్టీరింగు కింద స్విచ్చు దగ్గర నన్ను చెయ్యి పెట్టి చూడమన్నారు. లైట్లు పది నిమిషాలుగా వెలుగుతున్నాయి, ఆ ప్లాస్టిక్ గోరువెచ్చగా కాదు, వేడిగానే ఉంది. మా బండిలో హెడ్‌లైట్లకు రిలే, అంటే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, లేదు. బల్బులకు వెళ్లే కరెంటంతా సన్నని వైర్ల మీద లోపలికి వచ్చి, ఆ స్విచ్చు గుండా, డిప్పర్ గుండా తిరిగి ముందుకు పోవాలి. ఇరవై ఏళ్లుగా నిప్పురవ్వలు తగిలి స్విచ్చు లోపలి పాయింట్లు మాడి ఉంటాయి. దీనికి మందు రిలేలు వేయడమే. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లైట్ల దాకా వేసి, మధ్యలో రిలే పెడతారు. పాత స్విచ్చు ఇక మీదట రిలేను లేపడానికి కావలసిన చిటికెడు కరెంటు మాత్రమే మోస్తుంది.

బజారులో దొరికే రెడీమేడు కిట్టు ఆయన వేయరు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు కొలిచి కోసి, డిప్పుకొకటి బ్రైటుకొకటి చొప్పున రెండు రిలేలు, బ్యాటరీకి జానెడు దూరంలో ఒక్కోదానికి 15 ఆంపియర్ల ఫ్యూజు, మాడిన ప్లాస్టిక్ హోల్డర్ల బదులు పింగాణీ హోల్డర్లు తగిలించి, వైర్లన్నీ ముడతల గొట్టంలో దూర్చారు. తగిలించే ముందు టెస్టు ల్యాంపుతో హోల్డరులో ఏ కాలు ఏదో చూశారు. కొన్ని బండ్లలో స్విచ్చు ప్లస్సు వైపు కాకుండా ఎర్తు వైపు ఉంటుందట, వాటికి మామూలు పద్ధతిలో రిలే కడితే లైట్లు పిచ్చిగా ప్రవర్తిస్తాయట. పని పూర్తయ్యాక రెండు పక్కలా 13.7 చూపించింది. లైట్లు వేయగానే బానెట్ కింద చిన్నగా టిక్కుమని వినిపించే ఆ రిలే చప్పుడు నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

బల్బుల విషయం చివరికి గాని రాలేదు. ఎడమ బల్బు గాజు పైభాగంలో మసి కట్టింది, కాబట్టి జతగా మార్చమన్నారు. అవే 60/55 వాట్ల మామూలు హాలోజన్ బల్బులు. గాజును వేళ్లతో ముట్టుకోనివ్వలేదు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. బల్బు అంచుకున్న మూడు చెవులు హోల్డరు గాట్లలో సరిగా కూర్చోకపోతే డిప్పు కూడా చెట్ల మీదికి పోతుందని చూపించారు. ఎల్‌ఈడీ వేసినవాళ్లు మా ఎడమ పక్కన అదే పొరపాటు కూడా చేసి ఉండవచ్చు.

ఇక అద్దాలు. మావి ప్లాస్టిక్‌వి, ఎండకు పసుపు తిరిగి, పాలు పోసినట్టు మసకబారాయి. కుర్రవాడు అంచుల చుట్టూ టేపు వేసి, నీళ్లు పోస్తూ 800, 1500, 2000, 3000 నంబర్ల కాగితాలతో వరుసగా రుద్ది, కాంపౌండుతో మెరుగు పెట్టాడు. ఆ రోజు అద్దంలా మెరిసింది. షాపు మీద నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే ఉంది. రుద్దినప్పుడు కంపెనీ వేసిన రక్షణ పూత కూడా పోతుంది కాబట్టి, ఎండ నుంచి కాపాడే క్లియర్ కోటు మళ్లీ కొట్టాలి. అది వాళ్లు కొట్టలేదు, కొట్టాలని చెప్పనూ లేదు. మూడు నెలలు తిరగకుండా పైఅంచున పసుపు మళ్లీ కనిపించింది. చివరికి పెయింటు షాపులో మళ్లీ రుద్దించి క్లియర్ కొట్టించుకున్నాను. వైర్ల పని ఆయన చేత చేయించుకుని, అద్దాల పని వేరే చోట చేయించుకోవడమే నా సలహా. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా నేనూ ప్రయత్నించాను, అది పది రోజుల మెరుపు. రిఫ్లెక్టరు లోపలి వెండిపూతే లేచిపోతే మాత్రం ఏ మెరుగూ పనికిరాదు, లైటు మొత్తం మార్చుకోవాలి. ఆ పూతను గుడ్డతో తుడవడం కూడా కూడదు, గుడ్డతో పాటే వచ్చేస్తుంది.

లైట్ల చూపు సరిచేయడం చీకటి పడ్డాకే చేశారు. టైర్లలో గాలి చూసి, నన్ను సీట్లో కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న గోడౌను గోడకు పది మీటర్ల దూరంలో బండి నిలబెట్టి, హెడ్‌లైటు ఎత్తును గోడ మీద సుద్దతో గీశారు. డిప్పు వెలుగు పైఅంచు ఆ గీతకు పది సెంటీమీటర్లు కింద పడేలా మరలు తిప్పారు. మనం ఎడమ పక్కన నడుపుతాం గనుక వెలుగు అంచు ఎడమ వైపు కొద్దిగా పైకి లేవాలి, రోడ్డు వార కనిపించేది దానివల్లే. యంత్రం లేకుండా సుద్దతో చేసే ఈ పద్ధతి మీద నాకు మొదట నమ్మకం కుదరలేదు గాని, ఆ రాత్రి నుంచి ఇప్పటిదాకా ఎదురుగా వచ్చేవాళ్లు ఒక్కరూ నాకు లైటు కొట్టలేదు.

ఖర్చు లెక్క ఇది: రిలేలు, హోల్డర్లు, వైరు, ఫ్యూజులు కలిపి 1,450, మజూరీ 800, బల్బుల జత 560, అద్దాలు రుద్దినందుకు 500, మొత్తం 3,310 రూపాయలు. బిల్లు అడిగితే క్యాలెండరు కాగితం వెనక రాసిచ్చారు. సామాను మీద గ్యారంటీ ఏదీ లేదు. ఉదయం తొమ్మిదికి వెళితే మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఇస్తామన్న బండి సాయంత్రం ఏడున్నరకు చేతికి వచ్చింది, మధ్యలో రెండు లారీలూ ఒక ఆటో నన్ను దాటి ముందుకు పోయాయి. కూర్చోవడానికి వేపచెట్టు కింద పాత సీటు ఒకటి ఉంది, ఎండ తిరిగినప్పుడల్లా మనమూ దాన్ని లాక్కుంటూ తిరగాలి. ఫోను ఎత్తరు. ప్రొజెక్టరు లైట్లు, కంపెనీ ఎల్‌ఈడీ లైట్లు ఉన్న కొత్త కార్లను తాము ముట్టుకోమని ఆయనే చెప్పేస్తారు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

మొన్న ఎడగారు అనే రెండో పంట కోతలతో వడ్లు మళ్లీ రోడ్డెక్కాయి. పట్టల చుట్టూ పేర్చిన రాళ్లు డిప్పులోనే దూరం నుంచి ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి. ఆరు నెలలైందని, ఎర్తు బోల్టు ఒకసారి చూడమని ఈ వారం మళ్లీ వెళ్లాను. గ్రీజుకు దుమ్ము పట్టింది గాని కింద రేకు తెల్లగానే ఉంది, మీటరు 13.6 చూపించింది. కొత్తగా గ్రీజు పూసి డబ్బులు వద్దన్నారు. కాకపోతే ఆ అయిదు నిమిషాల పనికి, ఒక ట్రాక్టరు సెల్ఫ్ మోటారు పూర్తయ్యేదాకా, గంటన్నర వేపచెట్టు కింద కూర్చోబెట్టారు.